పది లెక్కపెట్టేలోగా

పిల్ల ఒక మాట దగ్గర ఆగితే అందించకూడదు. పది దాకా లెక్కపెట్టాలి, నోటితో కాదు, మనసులో. పదిలోగా పిల్ల తనంతట తాను చదివితే ఆ మాట పాఠంలో ఉండొచ్చు. చదవలేకపోతే తప్పు పిల్లది కాదు, రాసినవాళ్లది. హైదరాబాదు నుంచి సురేంద్ర పంపిన నియమాల్లో ఇది నాలుగోది.

సురయ్యా ఏడు దాకా వచ్చింది.

మహబూబ్బీ వేలు కాగితం మీద ఒకే చోట ఆగి ఉంది. బాత్రూములు కడిగే మందునీళ్లకు ఆ వేలి చివర తోలు తెల్లగా పొరలు లేచింది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. మేడ మీద ఆరేసిన దుప్పట్లు వేడిగాలికి ఒకసారి ఉబ్బి, మళ్లీ తీగకు వేలాడాయి. నీళ్ల ట్యాంకు నీడలో ఇద్దరూ బోర్లించిన బక్కెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"గం... గంప," అంది మహబూబ్బీ తొమ్మిదో అంకె మీద. "గంపేమే ఇది! కోడిని మూసే గంప. ఆ మాట ముందే చెప్పింటే నీ సొమ్మేం పోతాదిమే?"

"చెప్పగూడదక్కా. చెప్తే నా పరీక్ష పోతాది."

"సదివేది నేనాయ, పరీక్ష నీదాయ. బాగుండాదిమే నీ బడి."

సురయ్యా నవ్వి, ఒళ్లోని కాగితంలో 'గంప' అని రాసి పక్కన 9 వేసింది. సురేంద్ర వాళ్లు ఇక్కడి గల్ఫ్ దేశాల్లోని ఇండియన్ స్కూళ్లకు తెలుగు వాచకాలు వేస్తారట. ఇంటి నుంచే రాసేవాళ్లు కావాలని వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనకు జవాబిచ్చి మూడు వారాలైంది. నాలుగు నమూనా పాఠాలు రాయాలి. ఒక్కో పాఠాన్ని ఒక పిల్ల చేత చదివించి, ఎక్కడ ఆగిందో, ఏం అడిగిందో, ఎక్కడ నవ్విందో ట్రయల్ షీటు అనే ఈ కాగితంలో నింపి పంపాలి. మొదటి షీటులో 'పాప పేరు' అన్నచోట సురయ్యా, తను అక్షరాలు నేర్పుతున్న మహబూబ్బీ పేరే రాసింది. వయసు గడిలో 6 వేసింది. ఆ రోజు మహబూబ్బీ తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది. "ఆరేండ్ల బిడ్డనా నేను? అయితే దినామూ బిస్కెట్లు తేవల్ల మరి." అప్పటి నుంచీ సురయ్యా రోజూ రెండు ఖర్జూరం బిస్కెట్లు చున్నీ కొసన ముడేసుకుని మేడ ఎక్కుతోంది.

"కోడి సంగతంతా రాస్తివి," బిస్కెట్టు కొరుకుతూ అంది మహబూబ్బీ. "గుడ్డు పెట్టె, పిల్లల్ని పొదిగె, గంప కిందికి పాయె. దాన్ని కోసేదెవురు?"

"పిల్లల పాఠమక్కా. కొయ్యరు."

"కొయ్యకుండా ఎందుకు సాకుతారుమే?"

సురయ్యా ఆ మాట కూడా షీటులో ఎక్కించింది. ఏం అడిగితే అది రాయాలన్నది ఆరో నియమం.

మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక బట్టలు తీయడానికని మహబూబ్బీకి మేడ మీద దొరికేది అరగంట. ఆమె పనిచేసే అరబ్బుల ఇల్లు ఆ భవనం యజమానిది, పై రెండు అంతస్తులూ వాళ్లవే. కింది అంతస్తుల్లో సురయ్యాలాంటి అద్దెవాళ్లు ఉంటారు. మహబూబ్బీ లేచి ఒక్కో తోబునూ రెండుసార్లు విదిలించి మడవసాగింది. ఆ పొడుగాటి తెల్లచొక్కాలను ఆమె భుజాలకు క్లిప్పులు పెట్టి ఆరేయదు. అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తుంది. భుజం మీద క్లిప్పు మచ్చ పడితే మామాకు కోపం. ఇంటావిడను ఇక్కడ పనివాళ్లంతా మామా అనే పిలుస్తారు.

చివరి తోబు మడిచాక మహబూబ్బీ తన చొక్కా లోపల్నుంచి ఫోను తీసింది. ప్రతిరోజూ చివరికి జరిగేది ఇదే.

"చూడు. పాప ఏం రాసిందో."

ఊళ్లో ఉన్న కూతురు షబానా రాసింది ఇలా ఉంది: 'అమ్మా, నువ్వు పంపింది అందింది. మిద్దె ఇంకా సగమే. నువ్వు ఇప్పుడే రావొద్దు.'

సురయ్యా చూపుడువేలు అక్షరాల కింద సాగింది. "అమ్మా, నువ్వు పంపింది అందింది. మిద్దె లేస్తాంది. నువ్వు ఎప్పుడెప్పుడు వస్తావా అని ఉండాది."

గొంతు ఎక్కడా తడబడలేదు. ఇప్పుడు అలవాటైపోయింది. మొట్టమొదట అలా చదివిన రోజున మహబూబ్బీ చేతిలో పుట్టబోయే మనవడికని అల్లిన ఊలు టోపీ ఉంది. దాన్ని తన పిడికిలికి తొడిగి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "ఏమంటాందిమే?" అని అడిగింది. ఆ టోపీని చూస్తూ 'రావొద్దు' అనడం సురయ్యాకు చేతకాలేదు. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు నెల దాటింది.

శుక్రవారం ఒక్కపూట మామా తన ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫోన్లో మాట్లాడుకోనిస్తుంది గానీ, ఆ ఫోన్లలో షబానా "సిగ్నల్ లేదమ్మా, మెసేజ్ పెడతా" అని పెట్టేస్తుంది. నోటితో అనలేకే రాస్తోందని సురయ్యాకు తెలుసు. రాసిందాన్ని చదవడానికి ఎవరో ఒకరు నోరు తెరవాలి కదా అన్న సంగతి ఆ పిల్లకు తట్టలేదేమో.

"వచ్చే నెలకంతా నీ కాడ ఉంటానని రాయి," అంది మహబూబ్బీ.

సురయ్యా టైపు చేసింది: 'జాగ్రత్తగా ఉండు. బాగా తిను.' పంపింది.

"బేస్తవారం లోపల చెప్పల్లంట మామాకు. వీసా అయిపోతాంది, ఉంటావా ఎగ్జిట్ కొట్టమంటావా అని అడిగె. ఇంగేముంది, పోతానని చెప్తా. పాప అంతగా రమ్మంటా ఉంటే." బట్టల బుట్ట నడుం మీద పెట్టుకుని మహబూబ్బీ మెట్ల వైపు నడిచింది. గురువారానికి ఇంకా నాలుగు రోజులుంది. సురయ్యా మనసులో లెక్కపెడుతూనే కూర్చుంది.

*

సోమవారం పొద్దున సురేంద్ర ఫోన్ చేశాడు. ఏసీ నీళ్లు కారే బక్కెట్టు నిండిపోయి, సురయ్యా అప్పుడే దాన్ని బాత్రూములో వంచుతోంది.

"సురయ్యా గారూ, ఫ్రీయేనా? మీ రెండో పాఠం షీటు చూశానండి. 'కొయ్యకుండా ఎందుకు సాకుతారు' అని అడిగిందా పాప? ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. ఏ పిల్లండీ ఈమె!"

"పై ఇంట్లో ఉంటుంది సార్."

"మాకు తొమ్మిది మంది నమూనాలు పంపారు. ఎనిమిది షీట్లలో ఒకటే మాట, పాప ఎక్కడా ఆగలేదు, చక్కగా చదివింది. అంటే ఎవరూ చదివించలేదన్నమాట, కూర్చుని నింపేశారు. మీ షీటులో మాత్రం పిల్ల కనపడుతోంది. ఏమనుకోకండి, పాఠం కన్నా షీటే బాగుంది." ఆయన నవ్వాడు. "మూడో పాఠంలో చిన్న కరెక్షన్. 'అమ్మ దూరం పోయింది' అని మొదలెట్టారు. అది వద్దు. తీసేయండి. 'అమ్మ ఊరి నుంచి వచ్చింది' అని మొదలుపెట్టండి."

"పోకుండా ఎట్లా వస్తుంది సార్?"

"మా పుస్తకాల్లో ఎవరూ ఏడవరండీ. అదొక రూల్ అనుకోండి. పేరెంట్స్ ఒప్పుకోరు."

సురయ్యా సరేనంది.

"నాలుగోది గురువారం సాయంత్రానికి రావాలి. అందులో ఒత్తులు తేవాలి. అమ్మ, అక్క, ముద్ద, అలాంటివి. అది కూడా ఇలాగే వస్తే పన్నెండు పాఠాల పుస్తకం మీకే ఇస్తాం, మొదటి పేజీలో మీ పేరు ఉంటుంది. షీట్లు మాత్రం జాగ్రత్త. పిల్ల ఐదు నుంచి ఎనిమిదేళ్ల లోపే ఉండాలి. స్కూళ్ల వాళ్లు అవే అడుగుతారు. అందులో తేడా వస్తే సెట్ మొత్తం పక్కన పెట్టక తప్పదు."

ఫోన్ పెట్టేశాక సురయ్యా ఖాళీ బక్కెట్టును మళ్లీ ఏసీ కింద పెట్టింది. తర్వాత చెయ్యి కడుక్కుని, ఎదురు ఫ్లాటు తలుపు కొట్టింది. హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన అఫ్షాన్ కూతురు ఆస్మాకు ఆరేళ్లు. జ్వరమని ఆ రోజు బడికి పోలేదు.

"తెలుగా? నక్కో బహెన్, వద్దు," అంది అఫ్షాన్ పిండి చేతులతోనే. "దానికి ఇంగ్లీషు ఉంది, అరబీ ఉంది, హిందీ ఉంది, ఇంట్ల ఉర్దూ ఉంది. ఇప్పుడు నీ తెలుగు గూడ పెడితే దాని సర్ ఫట్ జాతా, తల పగిలిపోతది."

సోఫాలో పడుకున్న ఆస్మా కాగితం మీది బొమ్మ చూసి, "చికెన్," అని అటు తిరిగి పడుకుంది.

"దేఖో, చదివేసింది," అంది అఫ్షాన్. ఇద్దరూ నవ్వారు. సురయ్యా తలుపు దాటుతూనే ఆ నవ్వు ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆమె మూడో పాఠం ముందేసుకుని కూర్చుంది. 'అమ్మ దూరం పోయింది' అన్న వాక్యం మీద గీత గీసింది. ఒక్క గీత. పెన్ను అంత సులువుగా కదలడం చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. ఒక మాట తీసేయడానికి చెయ్యి ఎప్పుడు అలవాటు పడిందో తనకు బాగా తెలుసు.

*

'అమ్మ' అన్న మాటను మహబూబ్బీ నేర్చుకోనవసరం లేకపోయింది. ఆకారం చూసే గుర్తుపట్టేసింది. మిగతా పాఠమంతా దాదాపు ఒత్తులు లేని మాటలే. మంగళవారం ఆమె దాదాపు ఆగకుండా చదువుకుంటూ పోయింది.

"అమ్మ ఊరి నుంచి... వచి... ఇదేంది, కింద ఏందో తగిలించినావు?"

"అది ఒత్తు. ఆ అక్షరాన్ని నొక్కి పలకల్ల. వచ్చింది. ఆ ఒక్క ఒత్తు తప్పలేదక్కా. రేపు నేర్చుకుందువు."

"అమ్మ ఊరి నుంచి వచ్చింది. సంచి తెచ్చింది. సంచి బరువు..." వేలు ఆగింది. అక్షరాల దగ్గర కాదు, అర్థం దగ్గర. "బరువని రాసి ఊరుకుంటివే? ఎంత బరువు? ముప్పై కేజీలు దాటితే ఏర్‌పోర్టులో తీసి పక్కన పెట్టమంటారు. పోయిన తూరి నేను పాల డబ్బాలు రెండు తీసి ఆడనే పెట్టొచ్చినా. ఈయమ్మ ఏం తీసేసిందో రాయి."

సురయ్యా రాసుకుంది.

"ఇంగొకటి. ఊరి నుంచి వచ్చింది వచ్చింది అంటాండావు. పోయిందెప్పుడు? పోకుండా ఎవురన్నా వస్తారా?"

పెన్ను ఒక క్షణం ఆగింది. తర్వాత అది కూడా రాసుకుంది. సురేంద్ర దీన్ని ఆఫీసులో అందరికీ చదివి వినిపిస్తాడు. అందరూ నవ్వుతారు.

ఫోను బయటికి వచ్చింది. ఈసారి మెసేజ్ పొడుగ్గా ఉంది.

'అమ్మా, మామాకు ఉంటానని చెప్పు. ఇంకా రెండేళ్లు. ఇప్పుడు రావొద్దు. నువ్వు అక్కడ ఉంటేనే మన ఇల్లు లేచేది. పురుడుకు మా అత్త ఉంది.'

సురయ్యా నోరు తెరిచేలోగా మహబూబ్బీ పొరలు లేచిన వేలు తెర మీద పడింది.

"ఉండు. ఇది మ. దీర్ఘం. మళ్లా మ. మామా!" ఆమె మొహం వెలిగింది. "మామా అని ఉండాది గదమే? సదివినా! మామా గురించి ఏం రాసింది?"

"మామాను..." అంది సురయ్యా. "మామాను అడిగినానని చెప్పు అంటాంది. నీ కోసం కాచుకోనుండా అంటాంది."

"అంతేనా?"

"అంతే."

"ఇంత పొడుగు రాసింది గదా?"

"రాసేదాంట్లో పొడుగు ఎక్కువ కనపడుతుందక్కా."

మహబూబ్బీ తెరను చూసింది. తర్వాత సురయ్యా వేలిని చూసింది. ఆ వేలు మెసేజ్ మొదటి వరుస మీదే ఉండిపోయింది, కిందికి జరగలేదు. మహబూబ్బీ ఫోను తీసుకుని చొక్కా లోపల పెట్టుకుంది. ఆ రోజు జవాబు ఏమీ రాయమనలేదు.

సాయంత్రం సురయ్యా భర్త మస్తాన్ వలీ డ్యూటీ నుంచి వచ్చి, గోడౌను దుమ్ము పట్టిన బూట్లు గుమ్మం బయటే విప్పాడు. ఆయిల్ కంపెనీలకు సామాను సప్లై చేసే చోట ఆయన స్టోర్‌కీపరు. అన్నం ముందు కూర్చున్నాక గానీ మాట తీయలేదు.

"నువ్వు ఈడ ఉండేదానికి కట్టే ఫ్యామిలీ ఫీజు ఈసారి గూడ కంపెనీ కట్టదంట. ఇఖామా పర్మిటు వచ్చే నెలతో అయిపోతాది. నిన్ను ఊరికి పంపిస్తే మేలేమో అనుకుంటాండా." ఆయన పళ్లెంలోకే చూస్తూ అన్నాడు. "ఆ పుస్తకం పనేమాయె?"

"బేస్తవారానికి తెలుస్తాది. వచ్చేటట్టే ఉండాది."

"వస్తే ఇంగ పంపేది ఎందుకు? ఆ ఫీజేదో అందులోంచే కట్టుకుందాం." మొహంలో కొంచెం బరువు దిగింది. "ఎవురి చేత సదివిస్తాండావు?"

"పైన మాబక్క చేత. ఆరేళ్లని రాసినా."

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపి నవ్వాడు. "మా గోడౌన్లోనూ అంతే. లేని సరుకు ఉన్నట్టు షీటు నింపుతాం. ఎవురో ఒకరొచ్చి ఆ అర తెరిచేదాకా ఏ బాధా లేదు."

సురయ్యా కూర వడ్డించింది. ఎక్కువ పడింది.

*

నాలుగో పాఠం బుధవారం పొద్దుటికే పూర్తయింది. ముద్ద, బొబ్బట్టు, అత్త, నవ్వు, ఇల్లు, పువ్వు, 'అక్కా, ఇటు వద్దు, అటు రా' అని పిలిచే చెల్లెలు. ఎనిమిది వాక్యాలు. ఇది చదవగలిగితే షబానా రాసే ఏ మాటైనా చదవొచ్చు. సురయ్యా దాన్ని రెండుసార్లు తిరగరాసింది. ఒక్క మాట కూడా తీయడానికి వీల్లేకపోయింది. సురేంద్ర అడిగింది ఇదే.

మేడ ఎక్కేటప్పుడు కాగితాన్ని నాలుగు మడతలేసి తడిబట్టల బక్కెట్లో అడుగున పెట్టింది.

"ఏదీ ఈపొద్దు పాఠం?" అంది మహబూబ్బీ. ఆమె ముందే వచ్చి బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుంది. తలగుడ్డ సరిచేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, నిజంగానే బడిపిల్లలా ఉంది.

"ఇంకా కాలేదక్కా. రేపు."

"రేపేనా ఇయ్యాల్సింది?"

"రేపే."

మహబూబ్బీ బక్కెట్టు వైపు చూసింది. తడిబట్టల సందున కాగితం కొస కనబడుతోంది. "ఆ కాగితమేంది?"

"పాత బిల్లు. జేబులో ఉండిపోయింటాది."

సురయ్యా లేచి బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది. ఆరేస్తూనే ఎన్నోసార్లు మాట కూర్చుకుంది. అక్కా, పాప రాసింది నేను సరిగ్గా చదవలేదు. అక్కా, కోపం చేసుకోవద్దు. అక్కా, రేపు మామాకు ఏమీ చెప్పొద్దు. ప్రతి వాక్యమూ మనసులో చక్కగా కుదిరింది. ఆరు మాటలకు మించకుండా, చిన్నపిల్లకు కూడా అర్థమయ్యేలా. క్లిప్పు పెట్టి వెనక్కి తిరిగేసరికి ఇంకో బట్ట చేతిలోకి వచ్చేది.

"అక్కా."

"ఊఁ."

"మామాకు చెప్పేది... ఇంకో రెండు రోజులు గడువు అడగరాదా?"

"ఎందుకు?"

మెట్ల కింది నుంచి కేక వచ్చింది. "మాబూబా! యా మాబూబా!"

"నఅమ్ మామా," అంటూ మహబూబ్బీ లేచింది. బుట్టలో బట్టలు కుక్కుకుని వంగింది, లేచింది, వెళ్లిపోయింది. సురయ్యా మిగిలిన బట్టలన్నీ ఆరేసి, బక్కెట్టు తలకిందులు చేసింది. రెండు చుక్కల నీళ్లు పడ్డాయి. కాగితం లేదు.

*

గురువారం అసర్ బాంగు మొదలవకముందే సురయ్యా మేడ మీద ఉంది. ఒళ్లో ఖాళీ షీటు. రేవు వైపు క్రేన్లు దుమ్ములో సగమే కనబడుతున్నాయి. ఫోనులో సురేంద్ర మెసేజ్: 'ఈరోజు సిక్స్ లోపు పంపండి. వెయిటింగ్.' దాని కింద చేతులు జోడించి నమస్కరించే బొమ్మ.

మహబూబ్బీ ఖాళీ చేతులతో వచ్చింది. బుట్ట లేదు. చొక్కా చేతి మడతలోంచి నాలుగు మడతల కాగితం తీసి మోకాలి మీద చదును చేసింది. మధ్యలో తడి ఆరిన మరక ఉంది, ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

"బిల్లు," అంది. "రాసుకో."

చదవడం మొదలుపెట్టింది. వేలు పెట్టలేదు. "అక్క ముద్ద కలిపింది. చెల్లి నవ్వింది." ప్రతి ఒత్తునూ నేల మీద కాలు మోపినట్టు నొక్కి పలికింది. 'బొబ్బట్టు' దగ్గర ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. ఎనిమిది వాక్యాలూ అయిపోయాయి. రాత్రంతా ఎన్నిసార్లు చదివిందో గానీ, చివరి వాక్యాన్ని కాగితం చూడకుండానే చెప్పింది.

సురయ్యా చేతిలో పెన్ను కదల్లేదు.

మహబూబ్బీ ఫోను తీసింది. తెర చీర కొంగుకు తుడిచినట్టు తలగుడ్డ అంచుకు తుడిచింది. మంగళవారం నాటి మెసేజ్ తెరిచి, మోకాలి మీద కాగితం పక్కనే పెట్టుకుంది.

"ఇప్పుడు నువ్వు అందియ్యగూడదు," అంది. "లెక్కపెట్టుకో."

"అక్కా, నేను..."

"అందియ్యగూడదంటివే నువ్వే."

వేలు ఈసారి పెట్టింది. "అమ్మా. మామాకు. ఉంటానని చెప్పు. ఇంకా రెండేళ్లు. ఇప్పుడు..."

ఆగింది.

సురయ్యా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మహబూబ్బీ పెదాలు కదిలాయి. మూడు. నాలుగు. కింద వీధిలో ఎవరో కారు హారను ఆపకుండా కొడుతున్నారు. ఐదు. ఆమె వేలు మోకాలి మీది పాఠంలోకి వెళ్లింది, 'ఇటు వద్దు' అన్నచోట ఒక్కసారి తాకి, తిరిగి తెర మీదికి వచ్చింది. ఆరు. ఏడు. ఆ మాట ఆమెకు తెలిసిపోయింది, ఏడు దగ్గరే తెలిసిపోయింది. ఎనిమిది. తెలిసిన మాటను బయటికి తేవడానికి మాత్రం ఇంకొంచెం పట్టింది. తొమ్మిది.

"రావొద్దు."

తర్వాత ఎక్కడా ఆగలేదు. ఇల్లు లేచేదీ, పురుడుకు అత్త ఉన్నదీ ఒకే గొంతుతో చదివింది. అయిపోయాక వేలితో తెరను పైకి జరిపింది. ఆదివారం నాటిది వచ్చింది. 'మిద్దె ఇంకా సగమే. నువ్వు ఇప్పుడే రావొద్దు.' ఇంకా పైకి. 'ఎన్ని సార్లు చెప్పాలమ్మా. నాన్న అప్పు తీరలేదు.' ఇంకా పైకి. తన పేరున పోయిన జవాబులు కూడా చదివింది. 'జాగ్రత్తగా ఉండు. బాగా తిను.' ఆ 'గ్ర' దగ్గర తంటాలు పడింది, అది పాఠంలో లేని ఒత్తు. సురయ్యా అందించలేదు. మహబూబ్బీ దాన్ని వదిలేసి ముందుకు పోయింది. నెల రోజుల మాటలు, ఒకటొకటే, పైనుంచి కిందికి కాదు, కిందినుంచి పైకి. ఊలు టోపీ నాటి మెసేజ్ దాకా వచ్చి తెర ఆపింది.

ఫోనును మోకాలి మీది పాఠం మీద బోర్లించింది.

"నువ్వు సదివినవే బాగుండెమే," అంది మహబూబ్బీ చివరికి.

సురయ్యా ఒళ్లోని షీటు అంచు మడతపెట్టి, మళ్లీ విప్పింది.

"మొన్న నీ వేలు కదలక పాయె. అప్పుడే అనుకుంటి. అంతకు ముందు గూడ అనుకుంటి. నా బిడ్డ సంగతి నాకు తెల్దా? అది చిన్నప్పట్నించి రమ్మని నోరు తెరిచి అడిగింది లేదు. నెల దినాలు అడుగుతా ఉంటే ఇది నా బిడ్డేనా అనుకుంటి. అయినా వింటి." ఫోను చొక్కా లోపల పెట్టుకుంది. "ఆ కాగితం ఇటియ్యి."

సురయ్యా షీటు ఇచ్చింది. పేరూ వయసూ మాత్రమే నింపి ఉన్నాయి. మహబూబ్బీ పేరును చూసింది, అందులోని ఒత్తును వేలితో తాకింది.

"ఇది నేనే గదా."

"నువ్వేనక్కా."

"ఈ ఆరు కొట్టెయ్. నలభై నాలుగు రాయి." కాగితం వెనక్కి ఇచ్చింది. గొంతులో కోపం లేదు. అలసట ఉంది, గిన్నెలన్నీ కడిగేశాక ఇంకో గిన్నె కనబడినప్పుడుండే అలసట. "ఆరేండ్ల బిడ్డకైతే అట్ల సదివి చెప్పొచ్చు."

"కొట్టేస్తే నాకు ఆ పని రాదక్కా." మాట జారాక గానీ సురయ్యాకు తెలియలేదు, తను ఏమంటోందో. "ఇంటికి పంపిచ్చేస్తారు నన్ను."

మహబూబ్బీ ఆమెను చూసింది. "పోతే మంచిదే గదమే," అంది. "నీకు ఎవురూ రావొద్దని రాయలా గదా."

చున్నీ ముడిలో రెండు బిస్కెట్లు అలాగే ఉన్నాయి. సురయ్యా విప్పబోయింది. మహబూబ్బీ అప్పటికే మెట్లు దిగుతోంది. కింద తలుపు తెరుచుకుంది. ఏసీ చలిగాలి, ఊదు వాసన మెట్ల మీదికి వచ్చాయి. మామా ఏదో అడిగింది. మహబూబ్బీ గొంతు వినబడింది, పాఠం చదివినప్పటిలా ప్రతి అక్షరమూ నొక్కి.

"సనతైన్ మామా. సనతైన్."

రెండేళ్లు. మామా "జైన్, జైన్" అని మెచ్చుకుంది. తలుపు మూసుకుంది.

సురయ్యా షీటు మోకాలి మీద పెట్టుకుంది. ఆరును కొట్టేసి పక్కన 44 వేసింది. కొట్టేసిన ఆరు గీత కింద నుంచి కనబడుతూనే ఉంది. ఇంకా గట్టిగా గీయొచ్చు, గీయలేదు. 'పాప ఏం అడిగింది' అన్న గడి ఖాళీగా వదిలేసింది. 'పాప ఎక్కడ నవ్వింది' అన్నదీ ఖాళీ. 'పాప ఎక్కడ ఆగింది' అన్నచోట పెన్ను పెట్టి, దుప్పటి నీడ కాగితం మీదికి వచ్చి మళ్లీ పోయేదాకా ఉండి, రాసింది.

ఒక్క మాట దగ్గర. తొమ్మిది లెక్కపెట్టేసరికి తనే చదివింది. నేను అందించలేదు.

ఫొటో తీసి పంపింది. హైదరాబాదులో ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. తీగ మీద మహబూబ్బీ పొద్దున ఆరేసిన తోబులు తలకిందులుగా అలాగే ఉన్నాయి. సురయ్యా లేచి, ఒక్కోదాన్నీ రెండుసార్లు విదిలించి, మడవడం మొదలుపెట్టింది.